క్వినోవా కొన్నారు సరే, పక్కన ఏం వండుతున్నారు?

క్వినోవా ఉడికాక ఒక్క గింజను వేలి మీద పెట్టుకుని చూడండి. మధ్యలో గాజులా మెత్తటి బొట్టు, దాని అంచున సగం ఊడి వంకర తిరిగిన తెల్లటి దారం ముక్క. మొదటిసారి వండినవాళ్లు పురుగేమో అనుకుంటారు. అది మొలక, అంటే విత్తనం నాటితే మొక్కయ్యే భాగం. వడ్లగింజలో ఆ మొలక ఒక కొసన చుక్కంత ఉంటుంది, మిల్లులో పాలిష్ పట్టగానే తవుడుతో పాటు రాలిపోతుంది; మిర్యాలగూడ మిల్లుల్లో అలా రాలిన తవుడు నూనె తీయడానికో దాణాకో పోతే మన గిన్నెలోకి వచ్చేది చాలావరకు పిండిపదార్థమే. క్వినోవాలో మొలక పెద్దది, గింజ చుట్టూ చుట్టుకుని ఉంటుంది కాబట్టి పైపొర తీసినా పోదు. ప్రొటీన్, కొవ్వు ఎక్కువగా దాచుకునేది ఆ మొలకే. ఈ గింజ గొప్పతనమంతా దాదాపు అక్కడే ఉంది.

వరి, జొన్న, సజ్జ, తైదలు (రాగులు) అన్నీ గడ్డి జాతి పంటలు. క్వినోవాది తోటకూర, పాలకూర కుటుంబం. చేలల్లో తనంతట తానే మొలిచే చక్రవర్తి కూరకైతే మరీ దగ్గరి చుట్టం. పెరూ, బొలీవియా దేశాల్లో టిటికాకా సరస్సు చుట్టుపక్కల కొండజనం వేల ఏళ్లుగా దీన్ని తింటున్నారు. ఐక్యరాజ్యసమితి 2013ను క్వినోవా సంవత్సరంగా ప్రకటించింది, పదేళ్లకు 2023లో చిరుధాన్యాల వంతు వచ్చింది. ఇప్పుడు మహబూబ్‌నగర్ సూపర్ మార్కెట్లో రెండూ ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి, ధర మాత్రం ఒకటి కాదు.

వండే ముందు కడగడం ముఖ్యం. గింజ పైపొరలో సాపోనిన్లు ఉంటాయి. కుంకుడుకాయలో నురగ తెప్పించేవీ ఇవే, చేదు కూడా వీటిదే. పక్షులు తినకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. ప్యాకెట్లో వచ్చేది చాలావరకు శుభ్రం చేసిందే అయినా, సన్నటి జాలీలో పోసి నురగ ఆగేదాకా చేత్తో రుద్ది కడగండి. ఒక గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు, సన్నటి మంట మీద పావుగంట, దించాక మూతపెట్టి ఐదు నిమిషాలు. "మా ఇంట్లో ఎవరూ తినలేదండీ, చేదు" అనేవాళ్లలో ఎక్కువమంది కడగడంలోనే తొందరపడి ఉంటారు.

ఇక ప్రొటీన్ సంగతి. వంద గ్రాముల పచ్చి క్వినోవాలో 13, 14 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పాలిష్ బియ్యంలో 8 లోపే. పైగా ప్రొటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో మన ఒంటికి బయటినుంచి రావాల్సిన తొమ్మిదీ ఇందులో సరిపడా ఉన్నాయని ప్రతి ప్యాకెట్ మీదా చెప్పుకుంటారు. నిజమే. మామూలు ధాన్యాలకు వాటిలో ఒకటైన లైసిన్ దగ్గర లోటు, జొన్నకైతే బియ్యం కన్నా ఎక్కువ లోటు. క్వినోవాకు ఆ లోటు లేదు. కానీ జొన్నరొట్టెను ఉత్తగా ఎవరు తింటారు? జొన్నలో వందకు దాదాపు 10 గ్రాములు, కందిపప్పులో 22 గ్రాములు, ఈ లెక్కన మూడు పాళ్లు జొన్న, ఒక పాలు కందిపప్పు కలిపితే వందకు 13 గ్రాములు తేలుతుంది. అంటే క్వినోవా అంత. పప్పులో లైసిన్ దండిగా ఉంటుంది, పప్పుకు తక్కువైన మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ధాన్యంలో దొరుకుతుంది, ఒకదాని కొరత ఇంకోటి తీరుస్తుంది. నారాయణపేట, కొడంగల్ వైపు నల్లరేగడిలో జొన్న, కంది పక్కపక్కనే పండుతాయి, కంచంలోనూ పక్కపక్కనే ఉండేవి.

ఇంతవరకు చదివి "చూశారా, మన పెద్దలకు అన్నీ తెలుసు" అనేవాళ్లుంటారు. అక్కడ కాస్త ఆగాలి. పెద్దలు తిన్నదంతా అమృతం అనుకుంటే, దక్కన్‌లో జొన్న తప్ప మరోటి దొరకని పేదల్లో కనిపించిన పెల్లాగ్రా జబ్బును మరిచిపోయినట్టే. ఎండ తగిలే చోటల్లా, చేతుల మీద, మెడ చుట్టూ చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి తప్పుతుంది. నియాసిన్ అనే విటమిన్ చాలకపోతే వచ్చే జబ్బు ఇది. చిక్కేమిటంటే జొన్నలో నియాసిన్ మరీ తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లోని పోషకాహార సంస్థలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో దీనికొక కారణం చెప్పారు: జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి శరీరం సొంతంగా నియాసిన్ తయారుచేసుకునే పనికి అడ్డుపడుతుంది. వేరే చోట్ల చేసిన ప్రయోగాల్లో ఇదే ఫలితం ప్రతిసారీ రాలేదు, దానిమీద చాలాకాలం వాదన నడిచింది. వాదన ఎటు తేలినా, జబ్బు వచ్చింది మాత్రం మూడు పూటలా జొన్న గటకతో గడిపినవాళ్లకు, పప్పూ పాలూ గుడ్డూ కొనలేనివాళ్లకు. తిండిలో రకాలు పెరిగేకొద్దీ అది కనుమరుగైంది.

తర్వాత కథ అటునుంచి ఇటు తిరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, ఆపైన కాలువలూ బోర్లూ వచ్చాయి, ఇప్పుడు పాలమూరులోనూ మూడు పూటలా వరి అన్నమే. కంచం నిండా తెల్లన్నం, అంచున చారెడు కూర. ఆ అన్నం తీసేసి అంతే క్వినోవా పెట్టి, అదే చారెడు కూరతో తింటే బాగుపడేది కొంతే. షుగర్ ఉన్నవాళ్లు కూడా దీన్నే వెతుక్కుంటున్నారు. క్వినోవా గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, 53 అని పట్టికల్లో ఉంటుంది, రాజేంద్రనగర్‌లో తయారైన తెలంగాణ సోనా బియ్యానికి 51 చుట్టూ చెబుతున్నారు. ఏది తిన్నా గ్లూకోమీటర్ చూసేది ఎంత తిన్నారని కూడా.

ఇంటిల్లిపాదికీ వండాలంటే నేను చెప్పేది కిచిడీ. ఒక గ్లాసు క్వినోవా, అర గ్లాసు పెసరపప్పు, కట్ట తోటకూర, గుప్పెడు పల్లీలు, పోపులో ఎల్లిపాయ, ఎండుమిరపకాయ. పిల్లలు మొదటిరోజు ముఖం చిట్లిస్తే సగం బియ్యం కలపండి, మొహమాటం ఏమీ లేదు. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి కావాలి, అది వేడికి పాడవుతుంది కాబట్టి నిమ్మకాయ పొయ్యి మీదుండగా కాకుండా కంచంలో పిండుకోవాలి. తిన్న వెంటనే చాయ్ తాగితే అందులోని టానిన్లు ఆ ఇనుమును సగంలోనే పట్టేసుకుంటాయి, గంట ఆగితే నయం. ఇదే కొలతతో కొర్రలు వండినా బాగుంటుంది, వాటికి ముందు రెండు గంటలు నానబెట్టాలి. కాల్షియం కోసమైతే క్వినోవా దండగ. తైదల్లో వందకు 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, పొద్దున పులిసిన తైద అంబలి, మజ్జిగ కలిపి ఇస్తే పిల్లలకు అంతకు మించింది లేదు. పులిస్తే గింజలో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు విడిపోయి ఖనిజాలు బాగా అందుతాయి.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుండే మర్రిగూడ, మునుగోడు వైపువాళ్లకు ఇంకో మాట. ఉడికేటప్పుడు గింజ పీల్చుకునే నీళ్లతో పాటు ఆ నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ కూడా గిన్నెలోనే ఉండిపోతుంది. మరిగిస్తే పోతుందనుకోవద్దు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లతో ఎంత మంచి గింజ వండినా లాభం లేదు. తాగడానికే కాదు, పప్పు ఉడకబెట్టడానికి, అంబలి కాచడానికి కూడా నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లే వాడండి.

చివరగా నిల్వ సంగతి. కొవ్వు ఎక్కువున్న గింజ పిండిగా మారితే తొందరగా పాడవుతుంది. సజ్జపిండి నాలుగు రోజులకే చేదెక్కడం అందరూ చూసిందే, క్వినోవా పిండినీ ఎక్కువ రోజులు ఉంచుకోకపోవడమే మంచిది. చవకగా వచ్చిందని రెండు కిలోలు గిర్నీకి పంపకండి. గింజగానే గట్టి మూతున్న డబ్బాలో ఉంచి, రొట్టెలకు కావాల్సినంత మిక్సీలో పట్టుకుంటే సరిపోతుంది. అదైనా ముందురోజు కడిగి, నీడలో బాగా ఆరబెట్టాకే.