తొమ్మిది గంటల బడికి ఐదింటి మేలుకొలుపు

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో సర్కారు హైస్కూలు గంట కొట్టేది తొమ్మిదికి. అయినా పదో తరగతి పిల్లలకు చాలాచోట్ల ఎనిమిదికే స్పెషల్ క్లాసు. హాస్టళ్లున్న ఇంటర్ కాలేజీల్లో స్టడీ అవర్ తెల్లవారుజామునే మొదలవుతుంది. పిల్లలు నిద్ర కోల్పోయేది అక్కడే.

పిల్లల నిద్రకు తగ్గట్టు బడి వేళలు మార్చాలనే చర్చ అమెరికాలో పుట్టింది. 1970లలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో నిద్ర పరిశోధకురాలు మేరీ కార్స్కడన్ వేసవి శిబిరాలు పెట్టి పిల్లల నిద్రను ఏటా కొలిచారు. వయసు పెరిగితే నిద్ర అవసరం తగ్గుతుందనుకున్నారు, తగ్గలేదు. ఈడొచ్చే కొద్దీ నిద్రవేళను ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోను ఊరడం గంట, రెండు గంటలు వెనక్కి జరుగుతుందని, మెలకువగా ఉన్నా నిద్రమత్తు నెమ్మదిగా పేరుకుంటుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అందుకే తొమ్మిదిన్నరకు పడుకోమంటే వాళ్లకు కన్ను మూతపడదు. అది మొండితనం కాదు.

1996లో మిన్నెసోటా రాష్ట్రంలోని ఎడైనా అనే ఊరు తన హైస్కూలును 7:20 నుంచి 8:30కు మార్చింది. 2014లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ పెద్దపిల్లలకు 8:30కు ముందు బడి వద్దంది. 2016లో సియాటెల్ నగరం హైస్కూళ్లను 55 నిమిషాలు వెనక్కి జరిపితే పిల్లలకు 34 నిమిషాల నిద్ర కలిసొచ్చింది. హైస్కూలు 8:30కు ముందు మొదలుకాకూడదనే కాలిఫోర్నియా చట్టం 2022లో అమలైంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 1906 నుంచి మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, అంటే కాకినాడ పొద్దుతో నడుస్తోంది. అనంతపురం 77.6 దగ్గరుంది, సూర్యుడు ఇరవై నిమిషాలు ఆలస్యం. జనవరి నడుమ అక్కడ పొద్దు పొడిచేసరికి ఆరు ముప్పావు దాటుతుంది. ఐదింటికి లేపిన పిల్లాడు దాదాపు రెండు గంటలు చీకట్లోనే చదువుతాడు. ఒంట్లోని గడియారాన్ని ముందుకు జరిపే పొద్దుటి వెలుతురు వాడికి అందదు. పైగా కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఉండేది తెల్లవారుజామునే, తెగేదీ అదే.

మార్చి నడిమి నుంచి వచ్చే ఒంటిపూట బడి, 7:45కు మొదలయ్యేది, వేరే సంగతి. ఈ ఎండల్లో దాన్ని వెనక్కి జరపకూడదు. మధ్యాహ్నం కునుకు మూడింటిలోపు, అరగంట దాటకుండా ఉంటే రాత్రి నిద్ర చెడదు.

ప్రైవేటు బడుల్లో అసలు అడ్డు బస్సు. ఒకే బస్సు రెండు ట్రిప్పులు తిరిగేచోట పెద్దపిల్లలను మొదటి ట్రిప్పులో ఎక్కిస్తారు. తారుమారు చేయాలి: చిన్నపిల్లలు ఎలాగూ పొద్దున్నే లేస్తారు, వాళ్లు ముందు, పెద్దవాళ్లు రెండో ట్రిప్పు. సియాటెల్ కూడా చాలా ప్రాథమిక బడులను ముందుకు జరిపి హైస్కూళ్లను వెనక్కి జరిపింది. సాయంత్రం గంట మాత్రం పెంచకూడదు. స్పెషల్ క్లాసు ఎత్తేసి సాయంత్రం ట్యూషన్‌గా పెడితే పిల్లాడు పడుకునే వేళ కూడా వెనక్కి పోతుంది.

హాస్టల్లో పదిన్నరకు లైట్లు ఆర్పితే ఎనిమిది గంటల నిద్రకు ఆరున్నర అవుతుంది. కాబట్టి మొదటి స్టడీ అవర్ ఏడు దాటాకే పెట్టాలి.