ఫోన్ ముందొచ్చింది, పాఠం వెనకొచ్చింది

ఇప్పుడు ఏ స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ అయినా ఒకటే మాట, పిల్లలు ఫోన్ వదలట్లేదు, ఇన్‌స్టాలో ఎవరితో మాట్లాడుతున్నారో తెలీట్లేదు, మీరైనా కాస్త చెప్పండి సార్ అని. చెప్పాల్సిందే. కానీ ఇన్నేళ్లు స్కూల్లో ఇది ఎందుకు చెప్పలేదో అర్థం కావాలంటే కొంచెం వెనక్కెళ్లాలి.

మన దేశంలో స్కూళ్లలోకి కంప్యూటర్ వచ్చింది 1984-85లో, క్లాస్ అనే ప్రాజెక్టు కింద, బీబీసీ మైక్రో అనే మిషన్లతో. తర్వాత 2004 డిసెంబర్లో కేంద్రం ఐసీటీ ఎట్ స్కూల్స్ అని, స్కూళ్లలో కంప్యూటర్ చదువు కోసం ఇంకో పథకం తెచ్చింది. అప్పటి ఆలోచనంతా పిల్లలకి మిషన్ వాడటం రావాలనే. అందుకే మాకు కంప్యూటర్ పీరియడ్ అంటే చెప్పులు బయట విప్పి ల్యాబ్‌లోకెళ్లి పెయింట్‌లో ఇల్లు గీయడం, వర్డ్‌లో పేరు టైప్ చేసి బోల్డ్ చేయడం, మానిటర్ అంటే ఏంటో నోట్సులో రాసుకోవడం. స్క్రీన్‌కి అవతల ఇంకో మనిషి ఉంటారు, మనం పంపింది వాళ్లకి తగులుతుంది అనే సంగతి ఆ నోట్సులో లేదు, ఎందుకంటే మా ల్యాబ్‌లో నెట్టే లేదు.

సరిగ్గా ఆ 2004 చివర్లోనే ఢిల్లీలో ఇద్దరు స్కూల్ పిల్లల ప్రైవేట్ వీడియో ఎంఎంఎస్‌గా పాకిపోయింది, ఒక సైట్లో దాన్ని అమ్మకానికి కూడా పెట్టారు, ఆ కంపెనీ సీఈఓని అరెస్ట్ చేశారు. ఆ గొడవ తర్వాత 2000 నాటి ఐటీ చట్టాన్ని మళ్లీ పరిశీలించి 2008లో సవరించారు, ఒకరి అనుమతి లేకుండా వాళ్ల రహస్య అవయవాల ఫొటో తీసినా పంపినా 66ఈ, పిల్లల అశ్లీల దృశ్యాలైతే 67బీ అని సెక్షన్లు వచ్చాయి. చట్టం కదిలింది గానీ టెక్స్ట్‌బుక్ కదల్లేదు. నాకు బాధ కలిగించేది ఇదే, ఆ రోజు పిల్లలకి "ఇలాంటిది నీ ఫోన్‌కొస్తే ఫార్వర్డ్ చేయకు, అవతల ఉన్నది నీలాంటి పిల్లే" అని క్లాసులో చెప్పిన టీచర్లు ఎంతమంది ఉంటారు?

అమెరికాలో మైక్ రిబుల్ లాంటి విద్యావేత్తలు అదే దశాబ్దంలో డిజిటల్ సిటిజన్‌షిప్, అంటే నెట్‌లో మంచి పౌరుల్లా మసలుకోవడం, అనే మాటని స్కూళ్లలోకి తీసుకెళ్తున్నారు. జాగ్రత్తలు ఒక్కటే కాదు, హక్కులు, బాధ్యతలు, మర్యాద కూడా అందులో భాగం. 13 ఏళ్లు నిండితేనే అకౌంట్ అనే రూల్ కూడా అక్కణ్నించి వచ్చిందే, 13 లోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే పేరెంట్స్ అనుమతి ఉండాలని 1998లో అక్కడ చట్టం చేస్తే కంపెనీలు ఆ తలనొప్పి లేకుండా అసలు 13 లోపు వద్దు అనేశాయి. మన పిల్లలు నెట్‌లో ఆడే మొదటి అబద్ధం పుట్టిన సంవత్సరం అవ్వడానికి కారణం ఇది.

మన దగ్గర నిజంగా లెక్క మారింది 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక. డేటా చవకైపోయింది, ఊళ్లో అందరి చేతుల్లో వాట్సాప్. 2017లో బ్లూ వేల్ అని, పిల్లల్ని ఆత్మహత్య దాకా నెడుతుందని ప్రచారమైన ఆన్‌లైన్ గేమ్ భయం పట్టుకుంది, ఆగస్టులో కేంద్రం ఆ గేమ్ లింకులు తీసేయమంది, అదే నెలలో స్కూళ్లలో నెట్ వాడకం మీద సీబీఎస్ఈ సర్క్యులర్ ఇచ్చింది.

2018లో జరిగింది మాత్రం మనం ఇంకా బాగా గుర్తుపెట్టుకోవాలి. పిల్లల్ని ఎత్తుకెళ్లే గ్యాంగులు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో మెసేజ్‌లు. అందులో ఒక వీడియో ఉంది, బైక్ మీద ఇద్దరొచ్చి వీధిలో ఆడుకునే బాబుని ఎత్తుకుపోతారు. అది నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన, చివర్లో బాబుని తిరిగి దించేసి బోర్డు చూపిస్తారు, ఎవరో ఆ ముక్క కత్తిరించేశారు. అలాంటి పుకార్లని నమ్మి దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. జోగులాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్లకి కానిస్టేబుళ్లని పంపించి, డప్పుతో, జానపద పాటలతో జనానికి విడమర్చి చెప్పించారు, అక్కడ ప్రాణాలు పోలేదు. అదే ఏడాది కేరళలోని కన్నూర్‌లో కలెక్టర్ చొరవతో సుమారు 150 ప్రభుత్వ స్కూళ్లలో అబద్ధపు వార్తని ఎలా గుర్తుపట్టాలో పాఠంలా చెప్పారు. గద్వాలలో పని జరిగింది, కానీ అది పోలీసుల పని. కన్నూర్‌లో అది తరగతి గదిలోకి వెళ్లింది. ఆ తేడా చిన్నదేం కాదు, ఎందుకంటే పోలీసులు వచ్చి చెప్పేది ప్రమాదం గురించి, టీచర్ అయితే రోజూ ఉంటారు, పిల్లలు పొరపాటు చేసినా వెళ్లి చెప్పుకోడానికి ఒక మనిషంటూ ఉంటారు.

ఇంతలో కరోనా. 2020 మార్చిలో స్కూళ్లు మూతపడ్డాయి, సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్, టీ-శాట్‌లో డిజిటల్ పాఠాలు. అప్పటిదాకా ఫోన్ ముట్టుకుంటే తిట్టిన ఇళ్లలోనే అప్పుచేసి మరీ ఫోన్ కొనిచ్చారు. అదే ఏడాది సీబీఎస్ఈ సైబర్ సేఫ్టీ హ్యాండ్‌బుక్ తెచ్చింది, తెలంగాణ మహిళా భద్రతా విభాగం సైబ్‌హర్ పేరుతో ఆన్‌లైన్‌లో అవగాహన మొదలుపెట్టింది. 2021లో ఆ విభాగం, విద్యాశాఖ కలిసి జిల్లాకి 50 చొప్పున 1,650 ప్రభుత్వ స్కూళ్లలో 3,300 మంది పిల్లల్ని సైబర్ అంబాసిడర్లుగా, అంటే తోటి పిల్లలకి నెట్ జాగ్రత్తలు చెప్పేవాళ్లుగా, తయారుచేసే పని పెట్టుకున్నాయి, అంటే స్కూల్‌కి ఇద్దరు. ఇది నాకు బాగా నచ్చిన ప్రయత్నం, ఫొటో మార్ఫింగ్ చేసి బెదిరిస్తున్నారని ఒక పిల్ల నాన్నకి చెప్పలేకపోవచ్చు, పక్క బెంచీ అక్కకి చెప్తుంది. కాకపోతే ఆ పిల్లలు టెన్త్ అయిపోయి వెళ్లిపోతారు, ప్రతి ఏడాదీ మళ్లీ కొత్తవాళ్లని తయారుచేస్తూనే ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్లో ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి కలిపి 5 లక్షలకి పైగా ట్యాబులిచ్చారు. మళ్లీ అదే వరస, మిషన్ ముందు.

2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. మంచిదే, కానీ చాలా ఇళ్లలో అమ్మానాన్నలకి ఆ యాప్ తెరిచి ఇచ్చేదే పిల్లలు, సిమ్ నాన్న పేరు మీదున్నా ఓటీపీ చూసి చదివేది పిల్లలే. 1930కి ఫోన్ చేస్తే డబ్బు పోయిన సైబర్ మోసం మీద వెంటనే ఫిర్యాదు తీసుకుంటారని, పిల్లలకైతే 1098 ఉందని ఆ ఇంట్లో ముందు తెలుసుకోగలిగేది కూడా వాళ్లే, స్కూల్లో ఎవరైనా చెప్తే.