మూడేళ్ల పర్మిట్ ఉంది, మరి పీఆర్ ఎందుకు రావట్లేదు?

కెనడాలో చదువు, మూడేళ్ల వర్క్ పర్మిట్, ఆ వెంటనే పీఆర్, అంటే అక్కడే శాశ్వతంగా ఉండే హక్కు. ఇదంతా ఒకే దారి అనుకుని బయల్దేరిన మన పిల్లలు చాలామంది. కానీ పర్మిట్ వేరు, పీఆర్ వేరు. 2008లో రెండూ ఒకదానికొకటి కలిసొచ్చాయి, అంతే. ఆ ఏప్రిల్‌లో పీజీడబ్ల్యూపీని, అంటే చదువయ్యాక ఇచ్చే ఆ వర్క్ పర్మిట్‌ని, మూడేళ్ల దాకా పెంచి, జాబ్ ఆఫర్ ఉండాలన్న షరతు తీసేశారు. సెప్టెంబర్‌లో కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ అనే పీఆర్ దారి వచ్చింది, అక్కడ చదివి ఒక్క ఏడాది స్కిల్డ్ ఉద్యోగం చేసినవాళ్లు అందులో అప్లై చేసుకోగలిగేవాళ్లు. ఇప్పటికీ చాలా కన్సల్టెన్సీలు చెప్పేది ఆ రోజుల లెక్కే.

2015 జనవరిలో పాయింట్లు వేసి పీఆర్‌కి పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ మొదలయ్యాక అర్హత ఒక్కటే చాలదు, పాయింట్లలో పక్కవాడి కంటే పైన ఉండాలి.

నా దృష్టిలో అసలు దెబ్బ 2021దే. కోవిడ్‌తో సరిహద్దులు మూసేసరికి, ప్రభుత్వం అప్పటికే దేశంలో ఉన్నవాళ్ల వైపు చూసింది. ఫిబ్రవరి 13న డ్రా (ఫలానా పాయింట్లు దాటినవాళ్లని పీఆర్‌కి పిలవడం) కటాఫ్ 75, ఒకేసారి 27,332 మందికి పిలుపు! మేలో గ్రాడ్యుయేట్ల కోసం 40,000 సీట్లతో ఇంకో పథకం తెరిస్తే దాదాపు ఒక్క రోజులో నిండిపోయింది. ఇక ఎప్పుడూ ఇలాగే ఉంటుందని ఇళ్లల్లో నమ్మారు, నమ్మించారు కూడా. సెప్టెంబర్ తర్వాత అక్కడ పనిచేసినవాళ్ల కోసం పెట్టే డ్రాలే ఆగిపోయాయి, 2022 జూలైలో మళ్లీ మొదలైనప్పుడు కటాఫ్ 557. పర్మిట్ అయిపోతున్నవాళ్లకి 18 నెలలు పొడిగించారు, నిజమే, కానీ పొడిగింపు వల్ల కటాఫ్ దిగదు కదా, పైగా 29 దాటితే వయసు పాయింట్లు ఏటా ఐదారు తగ్గుతూ ఉంటాయి.

2023 నుంచి కేటగిరీ డ్రాలు, అంటే ఫలానా వృత్తి లేదా ఫ్రెంచ్ ఉన్నవాళ్లని విడిగా పిలవడం. 2024 ఫిబ్రవరి 28న జనరల్ డ్రాకి 534 కావాల్సి వచ్చింది, మర్నాడు ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి 336 సరిపోయింది. షిఫ్ట్ అయ్యాక అలసిపోయి కూడా మన పిల్లలు ఫ్రెంచ్ పుస్తకం తెరిచేది అందుకే.

2024 నవంబర్ నుంచి పర్మిట్‌కే భాషా పరీక్ష పెట్టారు, చాలా కాలేజీ కోర్సులకి ఏ రంగమన్నది కూడా చూస్తున్నారు. 2025కి 5 లక్షలనుకున్న పీఆర్ లక్ష్యం 3,95,000కి దిగింది. ఆ మార్చిలో జాబ్ ఆఫర్ పాయింట్లూ ఎత్తేశారు. డబ్బు తీసుకుని ఆఫర్లు అమ్మేవాళ్లని ఆపడానికి అది అవసరమే, కాకపోతే నిజాయితీగా ఆఫర్ తెచ్చుకున్నవాళ్లకీ అదే రోజు 50 పాయింట్లు పోయాయి.