బడిపిల్లల ముందు ఆర్కెస్ట్రా: సంగీత రచనల పోటీకి రాసేవారి అపోహలు, వాస్తవాలు

అపోహ: పిల్లలకే కదా, ట్యూన్ తేలిగ్గా ఉంటే చాలు.

వాస్తవం: ట్యూన్ కన్నా ముందు వాళ్ల చెవికి తగిలేది ఏ వాద్యం పలుకుతోందన్నది. ప్రొకోఫియెవ్ 1936లో రాసిన ‘పీటర్ అండ్ ది వోల్ఫ్’లో పిట్టకు ఫ్లూటు, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, తోడేలుకు మూడు హార్న్‌లు. ముందు వాటిని ఒక్కొక్కటిగా పరిచయం చేశాకే కథ మొదలవుతుంది. మీరు మోహన రాగంలో రెండు ఆవర్తాల (ఎనిమిదేసి అక్షరాల రెండు చుట్ల) ఆదితాళం ఎత్తుగడ రాశారనుకోండి. నిమిషానికి 60 అక్షరాల (తాళం దెబ్బల) నడకలో అది 16 సెకన్లే. ఒకసారి ఫ్లూటు, ఒకసారి వీణ, ఆ తర్వాతే అందరూ. మూడుసార్లూ స్వరం అదే ఉండాలి, గొంతు మాత్రం మారాలి. మొదటిసారే అందరిచేతా వాయిస్తే పిల్లలకు మోతే మిగులుతుంది.

అపోహ: వయొలిన్ ఎవరు వాయించినా వయొలినే. ఒకే పార్టు (ఒక్కో వాద్యానికి విడిగా రాసిచ్చే ప్రతి) అందరికీ సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ రచనలు దెబ్బతినేది ఇక్కడే. విజయవాడలో బృందం కూర్చితే కచేరీ విద్వాంసులు, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల పాశ్చాత్య లిపి) చదివేవారు, బ్యాండు మేళం క్లారినెట్, ట్రంపెట్ వాళ్లు ఒకే వేదిక ఎక్కవచ్చు. కర్ణాటక వయొలిన్ తీగలు స-ప-స-ప, పాశ్చాత్య పద్ధతిలో జి-డి-ఎ-ఇ. వేళ్ల లెక్క వేరు. మంద్రంలో జి కిందికి దిగితే పాశ్చాత్య పద్ధతివారికి అసలు తీగే లేదు. అందుకని ఒకరికి సరిగమల స్వరలిపి, ఇంకొకరికి స్టాఫ్, రెండింటి మొదటి పేజీలోనూ ‘స = డి, రెండు శ్రుతి’ అని రాయాలి. బి-ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికన్నా ఒక పూర్తి స్వరం (హార్మోనియంపై రెండు మెట్లు) కిందికి పలుకుతుంది. కాబట్టి పార్టు అంతే ఎత్తి రాయాలి. ఇది మరిచి రిహార్సల్లో మొదటి గంట పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) మాటా చెప్పాలి. తోడి రాగంలో గాంధారం పదిమంది పదిరకాలుగా ఊపితే కలగాపులగమే. ఊపు ఒక్కరికి ఇచ్చి మిగతావారిని నిలుపు స్వరం మీద ఉంచండి.

అపోహ: కంప్యూటర్లో బాగా వినబడితే హాల్లోనూ అంతే.

వాస్తవం: కంప్యూటర్‌కి ఊపిరి అక్కర్లేదు, ఫ్లూటు మనిషికి కావాలి. పైగా ఫ్లూటు కింది స్థాయి ట్రంపెట్ పక్కన వినబడదు. కంప్యూటరేమో రెండింటినీ సమానంగా వినిపిస్తుంది! బడి హాల్లో ఫ్యాన్ల మోత వీణను మింగేస్తుంది. తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రమంత హాలైనా వీణకు మైకు తప్పదు, ఆ మైకు మృదంగానికి దగ్గరైతే వినబడేది మృదంగమే. ఎండలోంచి ఏసీ హాల్లోకి తెచ్చిన వాద్యాలను వెంటనే శ్రుతి చేస్తే నిలవదు. చల్లబడేకొద్దీ ఫ్లూటు, క్లారినెట్ కిందికి జారతాయి, వయొలిన్ తీగలు పైకి లాగుతాయి. ఇరవై నిమిషాలు ఆగండి.

అపోహ: స్కోరు (అన్ని వాద్యాలూ ఒకేచోట ఉన్న ప్రతి) పంపితే చాలు, పార్టులు గెలిచాక చూసుకోవచ్చు.

వాస్తవం: స్కోరుతో పాటే సిద్ధం చేసుకోండి. తీగవాద్యాలు 8, 8, 6, 6, 4 (మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బాస్‌లు) ఉంటే ఇద్దరికి ఒక స్టాండు చొప్పున 16 ప్రతులు. పేజీ తిప్పే చోట విరామం ఉండాలి. పొడవాటి విరామం తర్వాత అంతకు ముందు పలికే మరో వాద్యం స్వరాలు చిన్న అక్షరాల్లో ఇవ్వాలి. లేకపోతే లెక్క తప్పి ఎవరో ఒకరు ముందే ఎత్తుకుంటారు.

పేరు లేకుండా పంపమన్న పోటీలైతే అట్టమీదే కాదు, పీడీఎఫ్ వివరాల్లోనూ మీ పేరు తీసేయండి.