రాతి మీద ఉన్నదెంత, మనం కల్పించిందెంత

చిరంజీవులకు ఆశీస్సులు.

ఊరి చరిత్ర రాస్తూనే తొమ్మిదో తరగతి, ఇంటరు పిల్లల కోసం నవలలు కూడా రాసేవాళ్ళు అసలు చేసే పనేమిటని అడిగారు. రెండూ ఒకటే పని అనుకుంటారు చాలామంది. కాదు. చరిత్ర రాసేటప్పుడు ఆధారం ఎక్కడ అయిపోతే అక్కడ కలం ఆపాలి. నవల అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఆ గీత ఎక్కడుందో తెలియనివాళ్ళు రెంటినీ పాడుచేస్తారు. ఉత్తినే చెబితే తలకెక్కదు, ఒక రాతిని ముందు పెట్టుకుందాం.

నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్ళో కాకతీయుల నాటి శాసనం ఉంది. శకం 1211, విరోధి సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం కలగాలని పువ్వుల ముమ్మడి అనే ఆయన అక్కడి సోమనాథ దేవుడికి భూమి ఇచ్చిన సంగతి అందులో ఉంది.

ముందు తేదీ తేల్చుకోవాలి. శక సంవత్సరానికి 78 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది. జనవరి ఒకటి దాటాక ఉగాది లోపు పడే తిథులకు మాత్రం 79 కలపాలి. పుష్యమాసంలో తిథి పడిందంటే పంచాంగం దగ్గర పెట్టుకోకుండా ఏదీ రాయొద్దు. మన తిథి మార్గశిరం, కాబట్టి 78 చాలు. అది 1289 నవంబరు 27. సరిచూసుకోవడానికి సంవత్సరం పేరు పనికొస్తుంది. పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగొస్తాయి. 2009 ఉగాదికి వచ్చింది విరోధి. అందులోంచి పన్నెండు అరవైలు తీసేయండి, 1289కే వస్తారు. ఒక్కోసారి ఈ రెండు లెక్కలూ కలవవు. పూర్తయిన శక సంవత్సరాల లెక్క చెప్పారా, నడుస్తున్న సంవత్సరం లెక్క చెప్పారా అన్న తేడాతో ఒక ఏడు అటూఇటూ కావడం మామూలే. అంతకు మించి తేడా వస్తే అంకె తప్పు చదివామన్నమాట, మళ్ళీ రాయి దగ్గరికి వెళ్ళాలి.

ఈ ఒక్క తేదీ ఎంత పని చేసిందో చూడండి. శివలోకం కలగాలని కోరారంటే అప్పటికే రుద్రమ పోయిందన్నమాట. ఈ శాసనం బయటపడక ముందు రుద్రమ 1295 దాకా ఏలిందని పుస్తకాల్లో రాసేవారు. ఆరేళ్ళు ఎగిరిపోయాయి.

ఇక రాయి చెప్పనిది. ఆమె ఎలా పోయిందో అందులో లేదు. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో పోయి ఉంటుందని చరిత్రకారుల అంచనా. చరిత్ర రాసేవారు ‘అంచనా’ అన్న మాట వదలకూడదు. నవల రాసేవారికి యుద్ధం చూపించే హక్కుంది. అయితే కథను రుద్రమ నోటితో చెప్పించడం తేలికైన దారి, అందుకే నాకు నచ్చదు. పదిహేనేళ్ళ పాఠకుడికి రాణిగారి మనసు కన్నా, ముమ్మడి ఇంట్లో ఉండే పదిహేనేళ్ళ కుర్రాడి చెవిన ఆ కబురు ఎలా పడిందన్నదే దగ్గరగా ఉంటుంది. ఆ కుర్రాడు రాతిలో లేడు. ఉన్నాడని అనకుండా ఊహించుకోవచ్చు.

ఊహకీ హద్దులున్నాయి. ఆ కుర్రాడు సద్దిలో పచ్చిమిరపకాయ కొరికితే నవల అక్కడే పోయింది. మిరప, టమాటా, వేరుశనగ, మొక్కజొన్న, బొప్పాయి, పొగాకు అన్నీ అమెరికా ఖండాలవి, పోర్చుగీసు ఓడలు మన తీరానికి వచ్చాకే ఇక్కడికి చేరాయి. కాకతీయుల కారం మిరియాలది. డబ్బు దగ్గరా ఇలాంటి పొరపాట్లే. 1957 ఏప్రిల్ 1కి ముందు కథ జరిగితే రూపాయికి 16 అణాలు, నయాపైసలు ఉండవు. అదే నిజాం కాలపు నల్గొండ అయితే చేతిలో ఆడేది నిజాం సొంత నాణెం, హాలీ సిక్కా.

శాసనం చదవాలంటే సున్నం, సుద్ద, పెయింటు పూయకండి. అవి అక్షరాల గాడుల్లో దిగి, రేపు చదవాల్సినవాళ్ళకు ఏమీ మిగల్చవు. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపండి, చాలు. నడినెత్తిన ఎండలో తీసిన ఫోటోలో అక్షరం కనపడదు. పొద్దున్నే గానీ, పొద్దు వాలాక గానీ వెళ్ళండి. లేదా చీకట్లో టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడనివ్వండి, గాడిలో నీడ నిలబడుతుంది. వెలుగును ముందు ఎడమ నుంచి, తర్వాత కుడి నుంచి, ఆపైన పైనుంచి మార్చి మూడు ఫోటోలు తీయండి. ఒకదాంట్లో మాయమైన గీత ఇంకోదాంట్లో దొరుకుతుంది. తడి కాగితం అంటించి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది ముద్ర తీసే పద్ధతి ఒకటుంది. అది నేర్చినవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా చెయ్యి పెట్టకూడదు.

మీ ఊళ్ళో శాసనం లేకపోవచ్చు. ముసలివాళ్ళు ఉంటారుగా. వాళ్ళను ‘ఏ సంవత్సరం?’ అని అడిగితే నోటికొచ్చిన అంకె చెబుతారు. ‘దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా? అప్పటికి మీ పెద్దమ్మాయి పుట్టిందా?’ అని అడగండి. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న, దాని పక్కన మిగతావి పేర్చుకోవచ్చు. తెలంగాణలో 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య ఇలాంటి గుర్తే. ‘మా తాత నందన కరువు సంగతి చెప్పేవాడు’ అంటే 1832-33 అని, ‘ధాత కరువు’ అంటే 1876-77 అని రాసుకోండి. అరుగు మీద నలుగురినీ కూర్చోబెట్టి అడగకండి, గొంతు పెద్దదైన వారి జ్ఞాపకమే అందరిదీ అయిపోతుంది. ఒక్కొక్కరినీ విడిగా కలవండి. వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే రాయండి, పక్కన తేదీ వేయండి.

కాగితాల్లో బడి రిజిస్టరును మరీ నమ్మొద్దు, సగం ఊరు జూలై ఒకటినే పుట్టినట్టుంటుంది. ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగుచేశారో తెలియడానికి తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, ఆంధ్రలో అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు చూస్తారు. వాటి మీద ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంటే 590 కలపండి. 1364 ఫసలీ అంటే 1954 జూలై నుంచి 1955 జూన్ దాకా. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ దొర మనుషులు సేకరించిన కైఫియత్తుల్లో, అంటే ఊళ్ళ వృత్తాంతాల్లో, మీ ఊరుంటే అదృష్టమే. అయితే కరణం చెప్పిన ఊరి పుట్టుక కథను రెండు వందల ఏళ్ళ కిందటి జనం నమ్మకంగానే చదవండి.

డబ్బు గురించీ అడిగారు. ఊరి చరిత్రకు బస్సు ఛార్జీలు కూడా తిరిగి రావు. నవలకు ప్రచురణకర్త ఇచ్చేది మామూలుగా ధరలో పది శాతం. డెమీ 1/8 అనే పుస్తకం సైజులో ఫారానికి, అంటే అచ్చేసి మడిచే ఒక్కో పెద్ద కాగితానికి, 16 పేజీలు. 128 పేజీలంటే సరిగ్గా ఎనిమిది ఫారాలు. 131 పేజీలు రాస్తే ఆ మూడింటి కోసం మరో ఫారం ఖర్చు, కాబట్టి మూడు పేజీలు కొట్టేయడమే మేలు.

కొట్టేసేటప్పుడు ఆఖరి పేజీ జోలికి మాత్రం పోకండి. చందుపట్ల నవలైతే అక్కడ రెండే పంక్తులు. రాతిలో ఉన్నవి: తిథి, రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు, ముమ్మడి, దానం. నేను పెట్టినవి: కుర్రాడు, యుద్ధం, ఆ రోజు కురిసిన వాన.

మీ
తాతయ్య