కొర్రలూ, కొరికిన ఆపిలూ: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవి సౌమ్యకు, చిరంజీవి కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాయనమ్మా క్షేమం.

సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసెల పళ్లెం పక్కన రెండు ఫోన్లు పెట్టుకుని మీరిద్దరూ పోట్లాడుకున్న సంగతి నేను మరచిపోలేదు. బాబాయి ఐఫోనుకు పెట్టిన డబ్బుతో తన రెడ్‌మీలు అరడజను వస్తాయనీ, లోపలి సరుకంతా ఒకటేననీ, తేడా వెనక ఉన్న బొమ్మకేననీ కార్తీక్ వాదన. అంత ఖరీదు ఎవరూ ఊరికే పెట్టరని సౌమ్య వాదన. తీర్పు చెప్పమని నన్ను అడిగేసరికి చుట్టాలు వచ్చారు, మాట అక్కడే ఆగిపోయింది. ముప్పై ఏళ్లు తెనాలిలో రేడియోలూ టీవీలూ ఫ్యాన్లూ అమ్మినవాణ్ణి కనుక ఫోను లోపల ఏముంటుందో నాకు అంతగా తెలియకపోయినా, ధర లోపల ఏముంటుందో కొంత తెలుసు. ఈ తగువు పూర్తిగా జరిగిన చోటు చైనా. మీ ముందున్న రెండు ఫోన్ల వంశవృక్షాలూ అక్కడికే పోతాయి కాబట్టి, ఆ దేశం కథే చెబుతాను.

ముందుగా షెన్‌జెన్ నగరంలోని హువాచియాంగ్‌బెయ్ అనే బజారు గురించి తెలుసుకోవాలి. ఫోనుకు కావలసిన ప్రతి ముక్కా, స్క్రూ దగ్గర నుంచి తెర దాకా, అక్కడి కొట్లలో విడివిడిగా దొరుకుతుంది. ఒకప్పుడు ఫోను తయారీలో అసలు కష్టం చిప్పూ, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరూను. తైవాన్‌కు చెందిన మీడియాటెక్ కంపెనీ ఆ రెండింటినీ కలిపి, నమూనా డిజైనుతో సహా చేతికివ్వడం మొదలుపెట్టింది. రుబ్బిన పిండి ఎవరో తెచ్చి ఇస్తే దోసె పోయడం ఎవరికి రాదు? పైగా 2007లో చైనా ప్రభుత్వం ఫోన్ల తయారీకి లైసెన్సు అక్కరలేదని చెప్పేసింది. దాంతో పేరూ ఊరూ లేని చిన్న చిన్న కంపెనీలు వందల కొద్దీ పుట్టి, పెద్ద కంపెనీల ఫోన్లను పోలిన చౌక ఫోన్లను గుమ్మరించాయి. వాటిని షాన్‌జాయ్ ఫోన్లు అనేవారు. కొండల్లో దొంగలు కట్టుకున్న కోట అని ఆ మాటకు అర్థమట. ఆ ఫోన్లు పోయాయి కానీ, ఆ బజారూ, చుట్టూ అల్లుకున్న విడిభాగాల తయారీదారులూ, తక్కువలో పని ముగించే నేర్పూ మిగిలాయి. తరువాత వచ్చిన కంపెనీలన్నీ ఆ నేల మీదే మొలిచాయి.

అటువంటి నేల మీద 2010 ఏప్రిల్‌లో బీజింగ్‌లో లేయ్ జున్ అనే ఆయన మరికొందరితో కలిసి షావోమీ కంపెనీ పెట్టాడు. ఆ పేరుకు అర్థం కొర్రలు. మొదటి రోజు అందరూ కూర్చుని కొర్రల జావ తాగి పని మొదలుపెట్టారు. పేరులోనే సామాన్యుడి తిండి ఉంది, గమనించారా? 2011 ఆగస్టులో వాళ్లు చూపించిన మొదటి ఫోను ధర 1,999 యువాన్లు. అంత వేగం గల చిప్పున్న ఇతర కంపెనీల ఫోన్లు అప్పట్లో అంతకు చాలా ఎక్కువ పలికేవి. మరి అంత తక్కువకు ఎలా ఇచ్చారంటే, కొట్లు లేవు, డీలర్లు లేరు, టీవీ ప్రకటనలు దాదాపు లేవు. ఇంటర్నెట్‌లో ఒక సమయం ప్రకటించి, ఆ నిమిషంలో తక్కువ సంఖ్యలో అమ్మేవారు. కొనలేకపోయినవాడు మరుసటి వారం మళ్లీ ప్రయత్నించేవాడు, ఈలోగా విడిభాగాల ధర తగ్గేది. 2013లో 799 యువాన్లకు, అంటే అప్పటి లెక్కలో ఇంచుమించు ఎనిమిది వేల రూపాయలకు, హోంగ్‌మీ అనే ఫోను తెచ్చారు. హోంగ్‌మీ అంటే ఎర్ర బియ్యం. కార్తీక్, నీ రెడ్‌మీ ఆ వంశమే. 2014 వచ్చేసరికి షావోమీ చైనాలో మొదటి స్థానానికి చేరింది. చైనావాళ్లు షింగ్‌జియాబీ అని ఒక మాట వాడతారు. పెట్టిన డబ్బుకు ఎంత పనితనం వస్తోంది అన్న లెక్క అది. ఆ మాటకు షావోమీయే నిలువెత్తు నిదర్శనం అయింది.

ఇక్కడితో కథ ముగిస్తే కార్తీక్ గెలిచినట్టే. కానీ 2016లో ఒక విడ్డూరం జరిగింది. ఆ ఫిబ్రవరిలో షావోమీ అప్పటికి అత్యుత్తమమైన స్నాప్‌డ్రాగన్ 820 చిప్పుతో మీ 5 అనే ఫోనును 1,999 యువాన్లకు పెట్టింది. మార్చిలో ఒప్పో కంపెనీ మీడియాటెక్ వారి మధ్యరకం చిప్పుతో ఆర్9 అనే ఫోనును 2,799 యువాన్లకు పెట్టింది. కాగితం మీద రెండో ఫోను కొనడానికి కారణం కనిపించదు. అయినా ఆ ఏడాది చైనాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన ఫోను ఆర్9, ఐఫోను కూడా దాని వెనకే. కంపెనీల వరుసలో ఒప్పో మొదటికి, షావోమీ ఐదో స్థానానికి చేరాయి.

ఎందుకో నేను చెప్పగలను. నా కొట్లో రెండు కంపెనీల ఫ్యాన్లు పక్కపక్కనే వేలాడేవి. ఒకదాని మీద నాకు నలభై రూపాయలు మిగిలేది, రెండోదాని మీద తొంభై. పల్లె నుంచి వచ్చిన రైతు తల పైకెత్తి, "ఏది మంచిదండీ?" అని అడిగితే, నేను అబద్ధం చెప్పేవాణ్ణి కాదు గాని, నా చెయ్యి మాత్రం ముందుగా తొంభై రూపాయల ఫ్యాను స్విచ్చు మీదకే పోయేది. ఒప్పో, వివో కంపెనీలు చేసింది అదే. చైనాలోని చిన్న పట్టణాల్లో రెండు లక్షలకు పైచిలుకు దుకాణాల్లో తమ ఫోన్లు నిలబెట్టి, కొట్టువాడికి మంచి కమిషను ఇచ్చారు. ఒప్పో అయితే ప్రతి గోడ మీదా ఒకే ఒక్క మాట రాయించింది: ఐదు నిమిషాలు ఛార్జి చేస్తే రెండు గంటలు మాట్లాడవచ్చు. చిప్పు పేరు తెలియని మనిషికి ఆ మాట అర్థమవుతుంది. ఫోను చెడిపోతే పట్టుకుని వెళ్లడానికి వీధి చివర కొట్టు ఉందన్న ధైర్యానికి కూడా అతను డబ్బు పెట్టాడు. చదువుకున్న కుర్రాళ్లు వీటిని ఎక్కువ ధర, తక్కువ సరుకు అని ఎగతాళి చేసేవారు. నాకు మాత్రం ఆ ఎగతాళిలో కొట్టువాడిని చూడని గర్వం కనిపిస్తుంది.

అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది. చౌకగా అమ్మి పేరు తెచ్చుకున్న కంపెనీ చౌకలోనే హాయిగా ఉండవచ్చు కదా? ఉండలేదు. తన ఫోన్లూ ఇతర వస్తువుల మీద నికర లాభం నూటికి ఐదుకు మించనివ్వనని లేయ్ జున్ 2018లో బహిరంగంగా మాట ఇచ్చాడు. ఆ లెక్కన 799 యువాన్ల ఫోను మీద మిగిలేది నలభై యువాన్లు. ఒకే ఒక్కసారి ఆ ఫోను రిపేరుకు వస్తే అది కాస్తా ఆవిరైపోతుంది. అటువంటి వ్యాపారం ఏటేటా ఇంకా ఎక్కువ ఫోన్లు అమ్ముతూ పోతేనే నిలుస్తుంది. కానీ చైనాలో 2016లో దాదాపు 46 కోట్ల 70 లక్షల స్మార్ట్‌ఫోన్లు మార్కెట్లోకి రాగా, 2022 నాటికి అవి సుమారు 28 కోట్ల 60 లక్షలకు పడిపోయాయి. కొనవలసినవాళ్లు కొనేశారు, పాత ఫోను మూడు నాలుగేళ్లు నడుస్తోంది. సంఖ్య పెరగనప్పుడు ఒక్కో ఫోను మీద మిగిలేదే పెరగాలి, అంటే పైమెట్టు ఎక్కాలి. ఇక కింద నుంచి ఎవడో ఒకడు ఇంకో పది యువాన్లు తగ్గించడానికి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు. లెఎకో అనే కంపెనీ 2015లో ఫోన్లను తయారీ ఖర్చు కన్నా తక్కువకే అమ్మి, సినిమాల చందాలతో ఆ నష్టం పూడ్చుకుంటానంది. మరుసటి ఏడాది నవంబరుకల్లా చేతిలో డబ్బు ఆడడం లేదని దాని యజమానే ఒప్పుకున్నాడు.

పైమెట్టు ఎక్కడం కూడా తేలిక కాదు. స్మార్టిసాన్ అనే కొత్త కంపెనీ 2014లో తన మొదటి ఫోనుకు 3,000 యువాన్లు పెట్టి, కొన్ని నెలల్లోనే 1,980కి దిగవలసి వచ్చింది. మొదట విన్న ధర మనిషి మనసులో అతుక్కుపోతుంది. కొర్రల జావ అమ్మిన చేతి నుంచి జీడిపప్పు పాకం కొనడానికి జనం వెనకాడతారు. అందుకే 2019 జనవరిలో షావోమీ రెడ్‌మీని వేరే పేరుగా విడదీసి, చౌక ఫోన్లన్నీ అటు నెట్టేసి, అసలు పేరును ఖరీదైన వాటికి అట్టిపెట్టుకుంది. 2020లో మీ 10 అనే ఫోనును 3,999 యువాన్లకు పెట్టింది; 2022లో జర్మనీకి చెందిన లైకా కెమెరా కంపెనీతో చేతులు కలిపింది. ఇంట్లో లేని పేరును పక్కింటి నుంచి తెచ్చుకోవడమన్నమాట. వివోకు జైస్, ఒప్పోకు హాసెల్‌బ్లాడ్ అలా వచ్చినవే.

హువావే మాత్రం వేరే దారిలో ఎక్కింది. అది 1987 నుంచి టెలిఫోను కంపెనీలకు పరికరాలు అమ్ముతున్న సంస్థ. చౌక ఫోన్లలో షావోమీని ఎదుర్కోవడానికి 2013లో హానర్ అనే పేరు పెట్టి, తన పేరుతో మేట్ వరసను పైమెట్టు మీద నిలిపింది. 2019లో అమెరికా దాన్ని ఆంక్షల జాబితాలో చేర్చింది, 2020 సెప్టెంబరుకు చిప్పులు రావడం ఆగిపోయింది. అప్పుడు హువావే ఏది వదులుకుందో చూడండి. ఆ నవంబరులో హానర్‌ను అమ్మేసింది, మేట్‌ను ఉంచుకుంది. చేతిలో చిప్పులు కొద్దిగానే మిగిలినప్పుడు వాటిని ఎక్కువ మిగిలే ఫోనులోనే పెట్టాలి కదా. తరువాత 2023 ఆగస్టు 29న, ప్రకటన లేదు, సభ లేదు, మేట్ 60 ప్రో అమ్మకానికి పెట్టింది. దాని చిప్పును చైనాలోనే ఎస్ఎంఐసీ కంపెనీ తయారు చేసింది. ఆ రోజుల్లోనే అమెరికా వాణిజ్య మంత్రి చైనా పర్యటనలో ఉన్నారు. 6,999 యువాన్ల ఆ ఫోను కోసం జనం బారులు తీరారు. ఆ ధరలో చిప్పు విలువ ఎంత, స్వదేశాభిమానం విలువ ఎంత అని విడదీసి చెప్పగల తక్కెడ నా దగ్గర లేదు.

పైన కూర్చున్న ఆపిల్ సంగతి చెప్పకపోతే సౌమ్య ఊరుకోదు. 2023లో ఏడాది మొత్తం మీద చైనాలో తొలిసారిగా ఆపిల్ మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాదికే వివో, హువావే దాన్ని దాటి మూడో స్థానానికి నెట్టాయి. ఇతర దేశాల్లో ఐఫోను వాడినవాళ్లు దాన్ని వదలలేకపోవడానికి ఒక కారణం దాని సాఫ్ట్‌వేరు. చైనాలో మాటామంతీ, డబ్బు చెల్లింపూ అన్నీ వీచాట్ అనే యాప్‌లోనే జరుగుతాయి, ఆ వీచాట్ ఏ ఫోనులోనైనా ఒకేలా నడుస్తుంది. కాబట్టి అక్కడ ఆ కట్టుకొయ్య కొంచెం వదులు. ధర తగ్గించడం ఇష్టం లేని ఆపిల్ 2024 జనవరిలో చైనా కొత్త సంవత్సరం పేరుతో స్వయంగా 500 యువాన్ల దాకా తగ్గింపు ప్రకటించింది.

2025 జనవరిలో చైనా ప్రభుత్వం ఇంకో గీత గీసింది. 6,000 యువాన్లు దాటని ఫోను కొంటే ధరలో నూటికి 15 వంతులు, గరిష్ఠంగా 500 యువాన్లు, ప్రభుత్వం భరిస్తుందని ప్రకటించింది. ఖరీదైనదేదో, కానిదేదో ఇలా ఒక సర్కారు ఉత్తర్వు తేల్చేసింది. మే నెలలో జరిగిన అమ్మకాల పండుగలో, అంతకుముందు 7,999 యువాన్లున్న ఐఫోన్ 16 ప్రో 5,500 కన్నా కిందికి దిగి ఆ గీత లోపలికి వచ్చింది. ఆ సెప్టెంబరులో ఐఫోన్ 17కు ఆపిల్ పెట్టిన ధర 5,999. పాతదానికీ ధర అంతే గాని, ఈసారి మెమరీ రెట్టింపు చేశారు. మన బాటా చెప్పుల ధరలు గుర్తొచ్చి నాకు నవ్వు వచ్చింది.

ఈ కథ మన గడప దాకా కూడా వచ్చింది. 2015 ఆగస్టులో షావోమీ భారతదేశంలో తయారైన తన మొదటి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో విడుదల చేసింది; దాన్ని బిగించింది మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. చైనాలోని జెంగ్‌జౌలో ఐఫోన్లు బిగించేదీ ఆ ఫాక్స్‌కానే. ఈ మాట విని కార్తీక్ ఎగిరి గంతేయవచ్చు. నీ మాటలో సగం నిజం ఉందిరా. బిగించే చేతులు ఒకటే, మెమరీ అమ్మే కొరియా కంపెనీలు ఒకటే. కానీ చిప్పు, సాఫ్ట్‌వేరు సొంతంగా రూపొందించుకోవడం, ఏళ్ల తరబడి ఆ ఫోనుకు అప్‌డేట్లు పంపడం, మూడేళ్ల తరువాత అమ్మినా మంచి రేటు పలికించడం, వీటి ఖర్చూ ఐఫోను ధరలో ఉంది. దాని పైన ఆపిల్ తీసుకునే లాభమూ ఉంది, అది చిన్నది కాదు. సౌమ్యా, నీ మాటలో తక్కిన సగం ఆ లాభం దగ్గర ఆగిపోతుంది.

2025 చివరి నెలల్లో ఇంకో పరిణామం మొదలైంది. కృత్రిమ మేధ కంప్యూటర్ల కోసం మెమరీ చిప్పులను ఎగబడి కొంటూ ఉండడంతో వాటి ధర పెరిగింది. ఐఫోనులో ఆ పెంపు లాభంలో కొంత తింటుంది, అంతే. నలభై యువాన్లు మిగిలే ఫోనులో అది ఎక్కడ ఇముడుతుంది? అక్టోబరులో రెడ్‌మీ కె90 ధర ఎక్కువగా ఉందని చైనా కుర్రాళ్లు గోల చేస్తే, మెమరీ ఖరీదు తాము అనుకున్నదానికన్నా పెరిగిందని షావోమీ అధికారులే చెప్పుకోవలసి వచ్చింది. కాబట్టి కార్తీక్, కొత్త ఫోను వేసవి సెలవుల దాకా ఆగి కొంటానన్నావు కదా, ఆ ఆలోచన ఒకసారి మీ నాన్నతో మాట్లాడు. వచ్చేటప్పుడు నీ పాత రెడ్‌మీ పెట్టె పారేయకుండా పట్టుకురా, దాని వెనక ఏ ఊరి పేరు అచ్చయిందో చూడాలి.

ఇట్లు,
మీ తాతయ్య