గడ్డ తీసేశాక తలనొప్పి ఎందుకొచ్చిందంటే

బుజ్జమ్మా, చిన్నోడా,

మొన్న ఫోన్లో బుజ్జమ్మ అడిగింది గుర్తుందా? "తాతా, మామ్మకి పక్షవాతం వస్తే తలలో రక్తం గడ్డ తీసేశారు కదా, మరి తీసేశాక తలనొప్పి ఎందుకొచ్చింది?" అని. "తర్వాత చెప్తాలే" అని తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే నాకే సరిగ్గా తెలీదు. మొన్న చూపించుకోడానికి విశాఖపట్నం వెళ్లినప్పుడు డాక్టరుగారిని వదలకుండా అడిగాను. బయట క్యూలో వాళ్లు నన్ను తిట్టుకునే ఉంటారు. ఆయన చెప్పినదీ, తూములెత్తి నీళ్లొదిలే లస్కరు ఉద్యోగంలో కాలవ గట్టు మీద నేను చూసినదీ కలిపి రాస్తున్నాను. అర్థం కాని చోట నన్నే అడగండి. మీ నాన్నని అడిగితే సెల్లులో చూసి చెప్తాడు.

ముందు ఆ రోజు పొద్దున్న సంగతి. మీరు ఇక్కడ లేరు కాబట్టి చెప్తున్నాను. మామ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. చేట కుడిపక్కకి ఒరిగిపోయి బియ్యం గచ్చు మీదకి జారుతున్నాయి. తను మాత్రం ఎడమచేత్తో రాళ్లు ఏరుతూనే ఉంది. "ఏటలా పారబోస్తన్నావు?" అన్నాను. తలెత్తింది. మూతి ఓ పక్కకి జారి ఉంది. ఏదో అంది గానీ అది మాట కాదు. నేను 108కి ఫోన్ చేస్తుంటే పక్కింటాయన వచ్చి, పావురం రక్తం పూసేవాడు పక్క ఊళ్లో ఉన్నాడు, ఆటో పిలవనా అన్నాడు. పాపం మంచివాడే. కానీ పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయట. ఆటోలో పక్క ఊరు వెళ్లొచ్చేసరికి ఎన్ని పోతాయో చిన్నోడా, నువ్వే గుణించు.

శ్రీకాకుళంలో స్కాన్ తీసి, గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇచ్చారు. అది నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, మనం ఆ లోపే వెళ్లాం. కానీ గడ్డ ఉన్నది పెద్ద నాళంలో, ఇంజక్షన్ ఒక్కదానికే లొంగకపోవచ్చని అదే అంబులెన్సులో విశాఖపట్నం పంపారు. అక్కడ చేసిన దాన్ని థ్రాంబెక్టమీ అంటారు. మామూలుగా ఆరు గంటల్లోపు చేస్తారు. స్కాన్‌లో మెదడు ఇంకా బతికి ఉందని కనిపించిన కొందరికి 24 గంటల వరకూ చేయొచ్చని 2018లో తేలిందట. గజ్జ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గుండె పక్కనుంచి, మెడలోంచి తలలోకి తీసుకెళ్తారు. దాని కొసన సన్నటి తీగల వల ఒకటి ఉంటుంది. అది గడ్డ మధ్యలో విచ్చుకుంటుంది, కొన్ని నిమిషాలు ఆగుతారు, గడ్డ దానికి చిక్కుకున్నాక వెనక్కి లాగుతారు. లాగుతూనే గొట్టంతో పీలుస్తారు కూడా. వల కూడా బయటికి వచ్చేస్తుంది. లోపల వైరు మర్చిపోయారేమో, అందుకే నొప్పేమో అని మన వీధిలో ఒకావిడ అంది. అలాంటిదేమీ లేదు.

గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార ఎడమ కాలవ మీద గుర్రపు డెక్క తీయడం మీరు చూడలేదు కదా. తూము దగ్గర అది దట్టంగా పేరుకుపోతుంది. అవతల శివారు పొలాలు ఎండిపోతుంటాయి. వెదురు గెడకి కొక్కెం కట్టి దాన్ని గట్టుకి లాగేవాళ్లం. అది ఊరికే రాదు. గట్టుని ఒరుసుకుంటూ, మట్టి గీరుకుంటూ వస్తుంది. మామ్మ తలలో ఆ నాళం వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. అందులోంచి గడ్డని లాగితే నాళం సాగుతుంది, లోపలి గోడ ఒరుసుకుంటుంది, ఒక్కోసారి బిగుసుకుపోతుంది కూడా.

ఇక్కడే నేను ఆశ్చర్యపోయిన సంగతి. మెదడుకి నొప్పి తెలీదట! కోసినా తెలీదు. 1940లో అమెరికాలో బ్రాన్సన్ రే, హెరాల్డ్ వుల్ఫ్ అనే ఇద్దరు డాక్టర్లు, పుర్రె తెరిచి ఆపరేషన్ చేసేటప్పుడు మెలకువగా ఉన్న రోగుల్లో లోపలి భాగాలు ఒక్కొక్కటీ తాకి, లాగి, "ఇక్కడ నొప్పిగా ఉందా?" అని అడిగి రాసుకున్నారు. మెదడు ముద్దని ముట్టుకుంటే ఏమీ లేదు. దాని పైపొరనీ, అడుగున ఉన్న పెద్ద రక్తనాళాలనీ లాగితే మాత్రం అమ్మో అన్నారు. ఆ నాళాలకి ట్రైజెమినల్ అనే నరం కొమ్మలు అల్లుకుని ఉంటాయి. మన మొహానికి స్పర్శ తెలియజేసేదీ ఆ నరమే. అందుకే లోపల నాళం లాగితే నుదుటి మీదా, కంటి వెనకా నొప్పెడుతుంది. పూర్తి మత్తు ఇవ్వకుండా చేసినప్పుడు సరిగ్గా వల లాగే క్షణంలోనే కొందరు తల పట్టుకుంటారని డాక్టరుగారు చెప్పారు. 2018లో అచ్చయిన అంతర్జాతీయ తలనొప్పుల జాబితాలో, తలలోపలి నాళాల్లో ఇలాంటి ప్రొసీజర్ చేస్తే వచ్చే నొప్పికి విడిగా ఓ పద్దే ఉందట. తలనొప్పులకీ ఓటర్ల లిస్టు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు బుజ్జమ్మ గొప్పతనం. రాత్రి బండెక్కి మీరు పొద్దున్నే ఆసుపత్రికి వచ్చారు. మేమందరం "మాట్లాడుతోంది, చెయ్యి కదుపుతోంది" అని సంబరపడుతున్నాం. నువ్వు మాత్రం "మామ్మ ట్యూబ్‌లైట్ చూడట్లేదు, కొంగు కళ్ల మీదకి లాక్కుంటోంది" అన్నావు. నేను "తల నొప్పా?" అంటే తను కాదన్నట్టు ఊపింది. కానీ చెయ్యి మాటిమాటికీ ఎడమ కణత మీదకే పోతోంది. గడ్డ ఉన్నదీ ఎడమవైపే. ఎందుకు దాచిందో నెల్లాళ్ల తర్వాత చెప్పింది: "నొప్పంటే మళ్లీ ఆ గదిలోకి తోసుకుపోతారని బయ్యవేసింది." ఆ రోజు తనకి వచ్చేవి నాలుగైదు మాటలు. మాట పోయిన మనిషి నొప్పిని చెప్పలేదు, చూసేవాళ్లే కనిపెట్టాలి.

తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని. నా మోకాలి నొప్పుల మాత్ర జేబులో ఉంది. నర్సు అటు తిరగ్గానే మామ్మ నోట్లో వేయబోయాను. ఆ అమ్మాయి చూసి వార్డంతా వినపడేలా అరిచింది. అప్పుడు కోపం వచ్చింది గానీ ఇప్పుడు ఆ పిల్లకి దండం పెట్టాలనిపిస్తుంది. స్ట్రోక్, అంటే పక్షవాతం, వచ్చిన వాళ్లకి మింగడం సరిగ్గా వస్తోందో లేదో చూడకుండా చుక్క నీళ్లు కూడా పోయకూడదు. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పైగా అలాంటి నొప్పి మాత్రలు రక్తం కారే ప్రమాదం పెంచుతాయి. ముందురోజే గడ్డ కరిగించే మందు ఎక్కిన మనిషికి ఇక చెప్పాలా? కిడ్నీల మీదా భారమే, ప్రొసీజర్ కోసం ఎక్కించిన రంగు మందు అప్పటికే వాటిలోంచి పోవాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానం చుట్టాల ఇళ్లలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష) అనే మాట ఉప్పూ పప్పూ అన్నంత మామూలుగా వాడతారు, అయినా నాకు తోచలేదు చూడండి.

మామ్మకి నొప్పి అనగానే డాక్టర్లు తేలిగ్గా తీసుకోలేదు. వెంటనే బీపీ చూశారు, కళ్లలో లైటు వేశారు, చెయ్యెత్తమన్నారు, మళ్లీ స్కాన్‌కి తీసుకెళ్లారు. ఎందుకంటే, చాలాసార్లు ఆ నొప్పి నాళం ఒరుసుకున్నందుకే, ఒకటి రెండు రోజుల్లో తగ్గేదే. కానీ ఒక్కోసారి లోపల రక్తం కారుతుంటే కూడా మొదట కనిపించేది తలనొప్పే. మళ్లీ కాలవే చెప్తాను. పదిహేను రోజులు ఎండిన పిల్లకాలవకి తూము ఒక్కసారి పైకి లేపేస్తే ఏమవుతుంది? బీటలు వారిన గట్టు ఆగదు, గండి పడుతుంది. అందుకే జానెడు లేపి, నీరు పారాక మరికాస్త లేపేవాళ్లం. గంటల తరబడి రక్తం అందని చోటికి ఒక్కసారిగా రక్తం దూకినా అంతే. అందుకే మొదటి 24 గంటలూ బీపీ 180/105 దాటకుండా కాపలా కాస్తారు. మామ్మ పక్కన మిషన్ ఊరికే కుయ్ కుయ్ అంటోందని చిన్నోడు చిరాకుపడ్డాడు కదా, అది తూము కాపలా.

స్కాన్‌లో రక్తం లేదు. సెలైన్‌తో పాటు పారాసిటమాల్ ఎక్కించి, లైటు ఆర్పారు. మర్నాటికి కొంగు కళ్ల మీదనుంచి తీసేసింది.

ఇంటికొచ్చాక కూడా అప్పుడప్పుడు తల బరువుగా ఉందంటోంది. నిద్ర లేకపోయినా, బీపీ పెరిగినా, కొన్ని మాత్రల వల్లా అలా వస్తుందట. మాత్ర పడట్లేదని మనంతట మనం మానెయ్యకూడదు, అడిగి మార్పించుకోవాలి. కానీ ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి వచ్చినా, వాంతులైనా, మగతగా పడుకుండిపోయినా, మూతి గానీ చెయ్యి గానీ మళ్లీ జారినా, మీరిక్కడ ఉంటే నన్ను లేపుతూ కూర్చోకండి, ముందు 108 కొట్టండి. నాకు చెవుడు, లేచేసరికి తెల్లారుతుంది.

మామ్మ ఇప్పుడు మళ్లీ బియ్యం ఏరుతోంది. చేట ఒళ్లో పెట్టుకుంటోంది, కుడిచేత్తో నెమ్మదిగా. రాళ్లు అన్నంలో వస్తున్నాయి, నేనేమీ అనట్లేదు. రోజూ రెండుపూటలా బీపీ చూసి కేలండర్ మీద రాస్తున్నాను. ఇక్కడ కొన్న బ్యాటరీలు నెల కూడా రావట్లేదు. పండక్కి వచ్చేటప్పుడు మంచివి నాలుగు పట్రండి.

మీ తాత